ఇంట్లో పట్టిన గోధుమ పిండితో బ్రెడ్.. ఇటుకలా గట్టిగా ఎందుకొస్తుంది? మిషన్ కొనే ముందు ఇవి తెలుసుకోండి!

బ్రెడ్ అంటే ఒకప్పుడు మన ఇళ్లల్లో జ్వరం వస్తేనే గుర్తొచ్చేది. పాలల్లో ముంచుకుని రెండు ముక్కలు తినడం, తగ్గాక మళ్లీ అన్నం. ఇప్పుడు సీన్ మారింది. పిల్లల టిఫిన్ బాక్స్ నుంచి రాత్రి టోస్ట్ వరకు బ్రెడ్ రోజువారీ తిండి అయిపోయింది.

దాంతో పాటే ఒక డౌట్ కూడా మొదలైంది. 'షాపులో కొనే బ్రౌన్ బ్రెడ్‌లో నిజంగా గోధుమ పిండి ఎంత?' అని. అందుకే చాలామంది గోధుమలు తెచ్చుకుని ఇంట్లోనే పిండి పట్టి, ఆ పిండితోనే బ్రెడ్ చేసుకోవాలని చూస్తున్నారు. కొందరైతే రూ.15 వేల నుంచి రూ.30 వేల వరకు పెట్టి ఆటా చక్కీ కూడా కొనేస్తున్నారు.

కానీ మొదటిసారి చేసినప్పుడు చాలా ఇళ్లల్లో జరిగేది ఒకటే. బ్రెడ్ పొంగదు, ఇటుకలా గట్టిగా వస్తుంది. ఆ తర్వాత మిషన్ మూలన పడుతుంది. తప్పు గోధుమలదా? మిషన్‌దా? చాలాసార్లు రెండిటిదీ కాదు. చపాతీకి కావాల్సిన పిండి వేరు, బ్రెడ్‌కు కావాల్సిన పిండి వేరు. ఆ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అదేంటో వివరంగా చూద్దాం.

గోధుమ గింజలో ఏముంటుంది?

గోధుమ గింజలో మూడు భాగాలు ఉంటాయి. పైన ఉండే పొట్టు.. గింజ బరువులో సుమారు 14 శాతం. పీచు ఎక్కువగా ఉండేది ఇక్కడే. గింజ అడుగున ఉండే మొలక భాగం.. సుమారు 2.5 నుంచి 3 శాతం మాత్రమే. కానీ నూనె, విటమిన్ ఇ, బి విటమిన్లు ఇందులో బాగా ఉంటాయి. మిగతా 83 శాతం దాకా లోపలి తెల్లటి భాగం. ఇందులో ఉండేది ప్రధానంగా స్టార్చ్, ప్రొటీన్.

మైదా అంటే ఆ తెల్లటి భాగం మాత్రమే. పొట్టు, మొలక రెండూ తీసేస్తారు. అందుకే మైదా తెల్లగా ఉంటుంది, నెలల తరబడి పాడవదు. దానికి తగ్గ నష్టం కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమ పిండిలో పీచు సుమారు 11 గ్రాములు. అదే మైదాలో 3 గ్రాముల లోపే. ప్రొటీన్ మాత్రం రెండిటిలో దాదాపు సమానం.

అంటే మైదా వల్ల పోయేది ప్రొటీన్ కాదు.. పీచు, విటమిన్లు, ఖనిజాలు.

అప్పుడే పట్టిన పిండికి, ప్యాకెట్ పిండికి తేడా ఏంటి?

గింజ గింజగా ఉన్నంతకాలం సేఫ్. పొడిగా, పురుగు పట్టకుండా దాస్తే ఏడాది దాటినా బాగానే ఉంటుంది. కానీ ఒక్కసారి పిండి పట్టగానే మొలకలోని నూనె బయటకు వస్తుంది. దానికి గాలి తగులుతుంది. పొట్టు, మొలకల్లో ఉండే ఎంజైములు కూడా ఆ నూనె మీద పని మొదలుపెడతాయి. కొన్ని వారాల్లోనే పిండి ముక్కిన వాసన వస్తుంది, రుచి కొంచెం చేదెక్కుతుంది. మన ఎండలకు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

19వ శతాబ్దం రెండో సగంలో యూరప్, అమెరికాల్లో స్టీల్ రోలర్ మిల్లులు వచ్చాక కథ మారిపోయింది. పొట్టు, మొలకలను సులువుగా వేరు చేసి తెల్లటి పిండిని భారీగా తయారు చేయడం మొదలైంది. నిల్వ ఉండే పిండి దొరికింది. దూరప్రాంతాలకు పంపడం ఈజీ అయింది. పోషకాలు మాత్రం పొట్టుతో పాటు వెళ్లిపోయాయి.

ఇంట్లో పిండి పట్టుకోవడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. గింజలో ఉన్నదంతా పిండిలో ఉంటుంది, అది పాడవకముందే వాడేస్తాం. రుచిలో తేడా కూడా తెలుస్తుంది. తాజా పిండి బ్రెడ్‌లో కమ్మటి గోధుమ వాసన, కొద్దిగా తీపి ఉంటాయి. 'గోధుమ బ్రెడ్ చేదుగా ఉంటుంది' అనుకునేవాళ్లు చాలాసార్లు తిన్నది పాత పిండితో చేసిన బ్రెడ్డే.

చపాతీ మెత్తగా వస్తుంది.. మరి బ్రెడ్ ఎందుకు రాదు?

అసలు విషయం ఇక్కడే ఉంది. జాగ్రత్తగా చదవండి.

మన గిర్నీలు, చక్కీల్లో గింజ బాగా రాపిడికి గురవుతుంది. పిండి వేడెక్కుతుంది. ఈ రాపిడికి పిండిలోని స్టార్చ్ రేణువులు కొన్ని నలిగి, పగులుతాయి. ఇలా నలిగిన స్టార్చ్ మామూలు స్టార్చ్ కంటే చాలా ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. చపాతీకి ఇది వరం. పిండి ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి చపాతీ చాలాసేపు మెత్తగా ఉంటుంది. చక్కీ ఆటాకు అంత పేరు అందుకే.

బ్రెడ్‌కు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. బ్రెడ్ పొంగాలంటే ఈస్ట్ వదిలే గ్యాస్‌ను పట్టి ఉంచే వల కావాలి. ఆ వలే గ్లూటెన్. గోధుమలోని ప్రొటీన్లు నీళ్లతో కలిసి, పిసికే కొద్దీ సాగే గ్లూటెన్‌గా మారతాయి. స్టార్చ్ మరీ ఎక్కువ నలిగితే అది నీళ్లన్నీ లాగేసుకుంటుంది. ముద్ద జిగురుగా తయారవుతుంది. లోపల బ్రెడ్ పచ్చిపచ్చిగా, బంకగా ఉండిపోతుంది.

దీనికి తోడు పొట్టు. పదునైన పొట్టు ముక్కలు గ్లూటెన్ వలను అక్కడక్కడా తెంపేస్తాయి. పొట్టు నీళ్లు నెమ్మదిగా పీలుస్తుంది కూడా. కలిపేటప్పుడు సరిపోయిందనుకున్న ముద్ద అరగంట తర్వాత గట్టిపడేది అందుకే. ఆ గట్టి ముద్దను అలాగే బేక్ చేస్తే వచ్చేది ఇటుకే.

సింపుల్‌గా చెప్పాలంటే బ్రెడ్ పిండికి మూడు కావాలి. పిండి వేడెక్కకూడదు, పొట్టు బాగా నానాలి, నీళ్లు చపాతీ పిండి కంటే ఎక్కువ పడాలి. ఇక నుంచి చెప్పే ప్రతి జాగ్రత్త ఈ మూడింటి కోసమే.

ఏ గోధుమలు తీసుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో గోధుమ సాగు చాలా తక్కువ. మనకు వచ్చేవి ఎక్కువగా మధ్యప్రదేశ్, ఉత్తరాది రాష్ట్రాల గోధుమలే. మార్కెట్‌లో సాధారణంగా కనిపించే రకాలు ఇవి.

* షర్బతీ: మధ్యప్రదేశ్‌లోని సీహోర్ ప్రాంతం దీనికి ఫేమస్. 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. బంగారు రంగు, కొద్దిగా తీపి. చపాతీకి పేరున్న రకం, బ్రెడ్‌కు కూడా వాడొచ్చు. ధర ఎక్కువ.
* లోక్‌వన్: గుజరాత్‌లో పుట్టిన లోక్-1 రకం. ధర తక్కువ, చాలా షాపుల్లో దొరుకుతుంది. మొదటి ప్రయత్నానికి ఇది చాలు.
* బన్సీ లాంటి డ్యూరమ్ రకాలు: గింజ గట్టిగా, కాస్త పసుపుగా ఉంటుంది. రవ్వకు, ఉప్మాకు సూపర్. కానీ ముద్ద సాగే గుణం తక్కువ కాబట్టి ఒక్కదానితోనే బ్రెడ్ చేస్తే పెద్దగా పొంగదు.
* ఖప్లీ: పాతకాలపు గోధుమ జాతి. రుచి బాగుంటుంది, కానీ దీని గ్లూటెన్ బలహీనం. కావాలంటే మామూలు గోధుమల్లో నాలుగో వంతు కలుపుకోవచ్చు.

షాపతనికి 'బ్రెడ్‌కు కావాలి' అంటే అర్థం కాకపోవచ్చు. అందుకే చిన్న టెస్ట్ చేయండి. కొంచెం పిండి గట్టిగా కలిపి, అరగంట నానబెట్టి, ఆ ముద్దను నీళ్లలో పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్లు పోయాక చేతిలో చూయింగ్ గమ్‌లా సాగే పదార్థం మిగిలితే గ్లూటెన్ బాగున్నట్టు. ఏమీ మిగలకుండా విడిపోతే ఆ గోధుమలు చపాతీకి ఉంచేయండి.

దేంతో పట్టాలి? మిక్సీయా, గిర్నీయా, ఆటా చక్కీయా?

మిక్సీ: ఒకటి రెండు సార్లు ట్రై చేయడానికి పనికొస్తుంది. ఒకేసారి 150 నుంచి 200 గ్రాములకు మించి వేయొద్దు. ఆపకుండా తిప్పితే జార్, పిండి రెండూ వేడెక్కుతాయి. 20 సెకన్లు తిప్పి, కాసేపు ఆపి, మళ్లీ తిప్పాలి. గోధుమలను ముందు రోజు రాత్రి గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే పిండి వేడెక్కడం తగ్గుతుంది. జల్లించాక మిగిలిన బరకను మళ్లీ వేయాలి. రోజూ ఇలా చేస్తే మాత్రం మిక్సీ మోటార్‌కే దెబ్బ.

గిర్నీ లేదా పిండి మర: మనకు బాగా అలవాటైన దారి. ఖర్చు కూడా తక్కువ. రెండు విషయాలు చూసుకోండి. మీకంటే ముందు కారమో, శనగపిండో పట్టి ఉంటే ఆ వాసన, ఆ పొడి మీ పిండిలోకి వస్తుంది. అందుకే ఎవరైనా గోధుమలు పట్టించిన తర్వాతే మీవి వేయించండి. ఇంట్లో ఎవరికైనా ఫుడ్ అలర్జీ ఉంటే ఇది ఇంకా ముఖ్యం. రెండోది, రాళ్లు మరీ బిగించి పట్టొద్దని చెప్పండి. కొంచెం వదులుగా పడితే పిండి వేడి తగ్గుతుంది.

ఇంటి ఆటా చక్కీ: షాపుల్లో దొరికే చాలా మోడళ్లలో రాళ్లు ఉండవు. స్టీల్ గదిలో బ్లేడ్ వేగంగా తిరిగి గింజను పగలగొడుతుంది. కింద ఉండే జాలీని బట్టి పిండి మెత్తగా రావాలా, రవ్వగా రావాలా అన్నది తేలుతుంది. చాలా మోడళ్లలో 1 హెచ్‌పీ మోటార్ ఉంటుంది. మోడల్‌ను బట్టి గంటకు 6 నుంచి 10 కిలోల గోధుమలు పట్టొచ్చు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. గంటసేపు నడిపితే ముప్పావు యూనిట్ కరెంట్. అంటే బిల్లు గురించి భయపడాల్సింది లేదు. సౌండ్ మాత్రం గట్టిగానే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో తెల్లవారుజామున ఆన్ చేస్తే పక్కింటి వాళ్లు తలుపు కొట్టడం ఖాయం.

చిన్న రాతి మిల్లులు: బ్రెడ్ కోసం ప్రత్యేకంగా పిండి పట్టేవాళ్లు ఎక్కువగా వాడేది వీటినే. రెండు చిన్న రాళ్ల మధ్య దూరాన్ని మనమే మార్చుకోవచ్చు. మన అమ్మమ్మల తిరగలి, తెలంగాణలో ఇసుర్రాయి.. అదే సూత్రం, కాకపోతే మోటార్ పెట్టారు. చేత్తో తిప్పే తిరగలిలో పిండి దాదాపు వేడెక్కదు. కానీ ఒక బ్రెడ్‌కు సరిపడా మెత్తటి పిండి రావాలంటే చేతులు పడిపోతాయి.

పిండి పట్టేటప్పుడు ఈ తప్పులు చేయొద్దు

* గోధుమలను చాటలో వేసి చెరిగి, రాళ్లు, మట్టిబెడ్డలు, పురుగు పట్టిన గింజలు ఏరేయండి. చిన్న రాయి పడినా బ్లేడ్, జాలీ పాడవుతాయి.
* గోధుమలు కడిగితే పూర్తిగా ఆరాకే పట్టాలి. తడి గింజ మిషన్‌లో అతుక్కుపోతుంది, పిండి త్వరగా బూజు పడుతుంది. గింజను కొరికితే 'టక్' మని విరగాలి. నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే.
* పిండిని చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఓకే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మిషన్ ఆపి గ్యాప్ ఇవ్వండి.
* వేడి పిండిని వెంటనే డబ్బాలో పెట్టి మూత పెట్టొద్దు. ఆవిరి నీరుగా మారి ఉండలు కడుతుంది. పళ్లెంలో పరిచి చల్లారనివ్వండి.
* వెలుగుతున్న స్టవ్ పక్కన పిండి పట్టొద్దు. గాల్లో లేచే పిండి పొడికి మంట అంటుకునే గుణం ఉంది. 1878లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక పెద్ద పిండి మిల్లు ఇలాగే పేలి 18 మంది చనిపోయారు. ఇంట్లో అంత పొడి లేవదు కానీ, కిటికీ తెరిచి, స్టవ్ ఆపి పట్టడం మంచి అలవాటు.
* వారానికి సరిపడా మాత్రమే పట్టుకోండి. మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టండి, కొన్ని నెలలు బాగుంటుంది.

జల్లించాలా? వద్దా?

పొట్టు మొత్తం ఉంచేసి బ్రెడ్ చేయొచ్చు. కానీ మొదటిసారి చేసేవాళ్లకు మధ్యే మార్గం ఒకటి ఉంది. కిలో పిండిని సన్న జల్లెడతో జల్లిస్తే 100 నుంచి 150 గ్రాముల పెద్ద పొట్టు వస్తుంది. దాన్ని పారేయొద్దు. బరువుకు రెట్టింపు వేడినీళ్లు పోసి చల్లారే దాకా నానబెట్టండి. మెత్తబడిన పొట్టును తిరిగి పిండి ముద్దలో కలపండి. పీచు పోదు, పొట్టు పదును తగ్గుతుంది, బ్రెడ్ బాగా పొంగుతుంది. పోసిన నీళ్లను మాత్రం మొత్తం నీళ్ల లెక్కలో కలుపుకోవాలి.

బ్రెడ్ తయారీ.. కొలతలతో సహా

మామూలు సైజు బ్రెడ్ టిన్ ఒకదానికి:

* తాజా గోధుమ పిండి: 400 గ్రాములు
* నీళ్లు: 300 నుంచి 320 మిల్లీలీటర్లు
* ఉప్పు: 8 గ్రాములు
* ఇన్‌స్టంట్ ఈస్ట్: 4 గ్రాములు
* బెల్లం తురుము: 20 గ్రాములు
* నూనె: 20 గ్రాములు
* పెరుగు: 1 టేబుల్ స్పూన్

కప్పుల లెక్క వద్దు. అప్పుడే పట్టిన పిండి గుల్లగా ఉంటుంది, కప్పుకు తక్కువ పడుతుంది. వంటింటి వెయింగ్ మిషన్ వాడితే ప్రతిసారీ ఒకేలా వస్తుంది.

స్టెప్ 1: పిండిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పొడి కనపడకుండా కలిపి మూత పెట్టండి. 40 నిమిషాలు వదిలేయండి. ఉప్పు, ఈస్ట్ ఇప్పుడే వేయొద్దు. పొట్టు నానేది ఈ టైమ్‌లోనే. ఈ ఒక్క స్టెప్ వదిలేయడం వల్లే చాలా బ్రెడ్లు ఇటుకలవుతాయి.

స్టెప్ 2: ఈస్ట్, ఉప్పు, బెల్లం, పెరుగు వేసి పిసకండి. చివర్లో నూనె. మొత్తం 10 నుంచి 12 నిమిషాలు. ముద్ద చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కొంచెం అంటుకునేలా ఉండాలి. అంటుకుంటోందని పొడి పిండి చల్లొద్దు. చేతికి నూనె రాసుకోండి. గట్టిగా అనిపిస్తే మిగిలిన నీళ్లు కొద్దికొద్దిగా కలపండి.

స్టెప్ 3: చిన్న ముద్ద తీసి వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి. వెంటనే తెగకుండా పలచటి పొరలా వస్తే చాలు. మైదాలా పూర్తిగా అద్దంలా రాదు, కంగారు పడొద్దు.

స్టెప్ 4: మూత పెట్టి పొంగనివ్వండి. 25 డిగ్రీల గదిలో గంటన్నర దాకా పడుతుంది. అదే ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లల్లో 35 డిగ్రీలు దాటితే 45 నిమిషాలకే అయిపోవచ్చు. తాజా పిండిలో ఈస్ట్ ఇంకా చురుగ్గా పని చేస్తుంది. అందుకే గడియారం కాదు, ముద్దను చూడండి. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లు వాడండి, ఈస్ట్ సగానికి తగ్గించండి.

స్టెప్ 5: గాలి నెమ్మదిగా తీసి, చాపలా చుట్టి, నూనె రాసిన టిన్‌లో పెట్టండి. రెండోసారి 30 నుంచి 45 నిమిషాలు. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా పైకి రావాలి. అస్సలు పైకి రాకపోతే ఎక్కువ పొంగినట్టు. వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి.

స్టెప్ 6: ఓటీజీని ముందే 200 డిగ్రీలకు వేడి చేసి ఉంచండి. 35 నుంచి 40 నిమిషాలు బేక్ చేయాలి. పైన త్వరగా నల్లబడితే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. బ్రెడ్ తీసి అడుగున తడితే డొల్లగా శబ్దం రావాలి.

స్టెప్ 7: వేడిగా ఉన్నప్పుడు కోయొద్దు. కనీసం గంట ఆగండి. లోపలి ఆవిరి సర్దుకోకముందే కోస్తే బాగా ఉడికిన బ్రెడ్ కూడా బంకగా అనిపిస్తుంది.

ఇంకో మాట. పచ్చి పిండి ముద్దను రుచి చూడటం, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం వద్దు. పచ్చి పిండిలో సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. ఇంట్లో పట్టిన పిండికి కూడా ఇదే వర్తిస్తుంది.

తేడా ఎక్కడ కొట్టింది? ఇలా కనిపెట్టండి

* బ్రెడ్ గట్టిగా, బరువుగా ఉందా? నీళ్లు తక్కువయ్యాయి లేదా పిండి నానలేదు. తర్వాతిసారి 15 మిల్లీలీటర్లు పెంచండి.
* పొంగి మధ్యలో కుంగిపోయిందా? రెండోసారి ఎక్కువసేపు వదిలేశారు.
* లోపల బంకగా ఉందా? వేడిగా కోశారు, లేదా బేకింగ్ టైమ్ చాలలేదు. రెండూ కాకపోతే పిండి పట్టేటప్పుడు బాగా వేడెక్కింది.
* ముక్కలు పొడిపొడిగా రాలుతున్నాయా? పిసకడం తక్కువైంది, లేదా గోధుమల్లో గ్లూటెన్ బలహీనం.
* చేదుగా ఉందా? పిండి పాతది.

రెండో రోజు పైనాపిల్ వాసన వస్తే.. వెంటనే పారేయండి

ఇది చాలామందికి తెలియని విషయం. గోధుమ పొట్టు మీద ఉండే కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఓవెన్ వేడికి కూడా చావవు. ఎండాకాలంలో, అందులోనూ కోస్తా జిల్లాల ఉక్కపోతలో, అవి బ్రెడ్ లోపల మళ్లీ పెరుగుతాయి. పైకి బూజు కనపడదు. కానీ బాగా మాగిన పైనాపిల్ లాంటి వాసన వస్తుంది. ముక్క విరిస్తే లోపల దారాల్లా సాగుతుంది. అలాంటి బ్రెడ్ టోస్ట్ చేసినా తినకూడదు.

షాపు బ్రెడ్‌లో దీన్ని ఆపే ప్రిజర్వేటివ్స్ ఉంటాయి. ఇంటి బ్రెడ్‌లో ఉండవు. పైన కొలతల్లో పెరుగు చెప్పింది ఇందుకే. కొంచెం పులుపు ఉంటే ఆ బ్యాక్టీరియా జోరు తగ్గుతుంది. ఎండాకాలంలో బ్రెడ్ పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, ఆ రోజుకు కావాల్సినవి ఉంచుకుని మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి. తీసి నేరుగా టోస్ట్ చేసుకోవచ్చు.

ఆరోగ్యానికి మంచిదేనా? వాట్సాప్‌లో తిరిగేవాటిలో నిజమెంత?

'ఇంట్లో పట్టిన పిండిలో గ్లూటెన్ ఉండదు' - తప్పు. గోధుమ ఏ రకమైనా, ఎక్కడ పట్టినా గ్లూటెన్ ఉంటుంది. ఖప్లీలోనూ ఉంటుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లకు ఏ గోధుమ బ్రెడ్డూ పనికిరాదు.

'షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు' - ఇదీ తప్పే. మైదా కంటే పీచు ఎక్కువే. కానీ ఇందులోనూ ఎక్కువ భాగం స్టార్చే. అదీ మెత్తగా పట్టిన పిండి కాబట్టి త్వరగానే అరుగుతుంది. ఎన్ని ముక్కలు తింటున్నారో లెక్క ఉండాలి.

'బ్రౌన్ బ్రెడ్, గోధుమ బ్రెడ్ ఒకటే' - రంగు చూసి నమ్మొద్దు. క్యారమెల్ రంగు కలిపినా బ్రెడ్ గోధుమ రంగులోనే కనిపిస్తుంది. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. కావాల్సిన పదార్థాల్లో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది రూల్. మొదటి పేరు 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' లేదా 'మైదా' అని ఉంటే, ముందువైపు ఏం రాసినా అది ప్రధానంగా మైదా బ్రెడ్డే. 'ఐఎన్ఎస్ 150' తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే అది క్యారమెల్ రంగు.

షాపు బ్రెడ్ మీద జనాలకు డౌట్ పెరగడానికి ఒక కారణం కూడా ఉంది. 2016లో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 రకాల బ్రెడ్, బన్ లాంటి శాంపిల్స్ టెస్ట్ చేయిస్తే 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా పొటాషియం అయోడేట్ బయటపడ్డాయి. అదే ఏడాది కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పొటాషియం బ్రోమేట్‌ను అనుమతి ఉన్న పదార్థాల లిస్టు నుంచి తీసేసింది. అంటే ఇప్పుడు దాన్ని బ్రెడ్‌లో వాడటం చట్ట విరుద్ధం.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక టిప్

అమెరికా, కెనడాల్లోని ఇండియన్ స్టోర్లలో దొరికే ఆటా ప్యాకెట్లలో కొన్ని డ్యూరమ్ గోధుమలతో చేసినవి. చపాతీకి బాగుంటాయి కానీ బ్రెడ్ అంతగా పొంగదు. మీరే పట్టుకుంటుంటే 'హార్డ్ రెడ్' లేదా 'హార్డ్ వైట్' అని రాసి ఉన్న గోధుమలు తీసుకోండి. వీటిలో ప్రొటీన్ ఎక్కువ. 'సాఫ్ట్ వీట్' అని ఉంటే కేక్, బిస్కెట్లకు మాత్రమే. పైన చెప్పిన కొలతల్లో నీళ్లు కొంచెం అటూఇటూ కావొచ్చు, ముద్ద మెత్తదనం చూసి సరిచేసుకోండి.

ఇంతకీ మిషన్ కొనాలా? వద్దా?

తొందరపడి కొనొద్దు. ముందు 2 కిలోల లోక్‌వన్ గోధుమలు తెచ్చి, దగ్గర్లోని గిర్నీలో పట్టించండి. వేడి చల్లార్చి, సగం ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు మూడు వారాల్లో నాలుగు బ్రెడ్లు చేయండి. ఖర్చు గోధుమలు, ఈస్ట్, కాస్త కరెంట్ మాత్రమే. మొదటి బ్రెడ్ కంటే నాలుగోది కచ్చితంగా బాగుంటుంది.

ఆ నాలుగు బ్రెడ్ల తర్వాత కూడా ఇంట్లో అందరూ తింటున్నారా? వారానికి రెండుసార్లు చేసే ఓపిక, టైమ్ ఉన్నాయా? చపాతీ, రవ్వ, శనగపిండి, రాగిపిండి కూడా ఇంట్లోనే పట్టుకుంటారా? మూడింటికీ 'అవును' అయితే మిషన్ కొన్నా డబ్బు వృథా కాదు. కొనేటప్పుడు సన్న జాలీ ఉందా, పిండి ఎంత వేడెక్కుతోంది, శుభ్రం చేయడం ఈజీనా అన్నవి షాపులోనే ఒక కిలో పట్టించి చూడండి. ఒక్కదానికి 'కాదు' అన్నా, గిర్నీ ఉండనే ఉంది. మంచి బ్రెడ్‌కు కావాల్సింది ఖరీదైన మిషన్ కాదు.. తాజా పిండి, సరిపడా నీళ్లు, 40 నిమిషాల ఓపిక.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. షుగర్, సీలియాక్, ఫుడ్ అలర్జీ లాంటి సమస్యలు ఉన్నవారు ఆహారంలో మార్పులు చేసే ముందు డాక్టర్‌ను సంప్రదించండి.)